చావని కంప్యూటరు

నైలు ఒడ్డున మా విశ్వవిద్యాలయంలో పాడైన కంప్యూటర్లు చెత్తకు తీసుకునేది నజ్లా. ప్రొఫెసర్ బహ్గత్ తన పాతది మోసుకొచ్చాడు. మీట నొక్కితే వెలిగింది.

“బతికే ఉందిగా ప్రొఫెసరుగారూ! ఇది తీసుకోను.”

ఆయన దానిమీద పుదీనా టీ పోశాడు. వెలిగింది. మెట్లమీంచి దొర్లించాడు. మళ్లీ వెలిగింది. ఆయన మెట్టుమీద కూలబడ్డాడు.

“ఏం పాపం చేసిందని దీన్నిలా చంపుతున్నారు?”

“ఇది చచ్చిందని డీన్‌ను నమ్మించి కొత్తది కొనిపించానమ్మా. రేపు రెండూ చూడ్డానికొస్తాడు. ఆ కొత్తది వెలగడమే లేదు!”

సాయంత్రానికి కొత్త కంప్యూటరు చెత్త లారీ ఎక్కింది. దాని పైడబ్బాను ముందే ఊడదీసి పాతదానికి తొడిగారు.

ప్రొఫెసర్ కోటు విప్పి దాంతో కంప్యూటరును తుడుస్తుంటే నజ్లా కసిరింది: “మెల్లగా! రేపు మీ పరువు దాని చేతుల్లోనే ఉంది.”