కాలిపోయిన బోర్డు

"ఫోను స్పీకర్లో పెట్టమ్మా. ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లందరూ దొంగలే. నేను కడిగేస్తాను," అన్నాడు కంప్యూటర్లు బాగుచేసే మా బావ.

కాలిపోయిందని మదర్‌బోర్డు తీసేసి, నిన్ననే కొత్తది వేశాడు. అప్పట్నుంచీ నా కంప్యూటరే నన్ను దొంగను చూసినట్టు చూస్తోంది. అందులోని సాఫ్ట్‌వేర్ లైసెన్సు చెల్లదట, కంపెనీకి ఫోన్ చేసి మళ్లీ యాక్టివేట్ చేయించాలట. సాయంత్రానికల్లా పుస్తకం పేజీలన్నీ ఇందులోనే కూర్చి ప్రెస్సుకి పంపాలి. పొద్దున్నుంచీ తెర మీది యాభై నాలుగు అంకెల్ని మూడుసార్లు కంపెనీ ఫోన్లో పలికే మరకి అప్పజెప్పి నా గొంతు ఎండిపోయింది.

నాలుగోసారికి ఒక మనిషి పలికాడు. "ఈ లైసెన్సు ఎన్ని కంప్యూటర్లలో వాడుతున్నారండీ?"

"ఒక్కదాంట్లోనే! బోర్డు మార్చామని ఇంకా ఎన్నిసార్లు మొత్తుకోవాలి?"

"మంచి ప్రశ్న వేశావు, అలా అడుగు!" అన్నాడు బావ, పక్కనుంచి.

"కానీ పాత బోర్డు ఇంకా నడుస్తోందండీ. ఇవాళ పొద్దున తొమ్మిదింటికి కూడా యాక్టివేట్ అయింది."

"ఎలా అవుతుంది? అది కాలిపోతే మా బావే చెత్తలో పారేశాడు."

"లేదండీ. దాన్ని ఎవరో ఇంకో కంప్యూటర్లో బిగించారు. మీ లైసెన్సు ముడిపడింది ఆ బోర్డుతోనే; దానికి నెట్ తగిలిందంటే, ఎవరూ అడక్కుండానే మీ లైసెన్సు దానికి వచ్చేస్తుంది."

నేను బావ వైపు తిరిగాను. కడిగేస్తానన్న మనిషి గబగబా స్క్రూడ్రైవర్లు సంచిలో సర్దుకుంటున్నాడు.

"స్పీకర్ ఆపెయ్యమ్మా," అన్నాడు.