తలుపు అవతలి గొంతు

“ముందు దుప్పటి తీస్తే చాలు. తొందరేం లేదు,” అంది డాక్టరు.

కళ్ళకు కట్టిన హెడ్‌సెట్‌లో కనిపిస్తున్నది అచ్చం ఇంట్లోని గదే. కుర్చీ మీద మాసిన బట్టల గుట్ట, మూసిన కిటికీ, మంచానికి ఎదురుగా తలుపు. డిప్రెషన్‌లో కూరుకుపోయిన పిల్లలకు ఈ ఆసుపత్రిలో వైద్యం ఇలాగే మొదలవుతుంది. మంచం దిగాలి, తలుపు తియ్యాలి, అంతే. అదీ ఒక పనేనా అని తీసిపారేసేవాళ్ళకు లోకంలో కొదవ లేదు.

“ఈ తలుపు తియ్యగలిగితేనే హాస్టల్, లేకపోతే ఇక ఆ మాటే ఉండదు. గుర్తుందిగా?” అంది డాక్టరు.

“ఉంది.”

చెయ్యి చాపితే, హెడ్‌సెట్‌లో కనబడే చెయ్యి ఎంతసేపటికో గానీ కదల్లేదు. దుప్పటి సగం జారి ఆగిపోయింది.

“మిషను పాడైనట్టుంది డాక్టర్ గారూ.”

“మిషను బాగానే ఉంది.”

ఇంతలో తలుపు దబదబా మోగింది.

“ఏమే, ఇంకా తెల్లారలేదా నీకు?” అమ్మ గొంతు. “నీ ఈడు పిల్లలు రాత్రింబవళ్ళు చదువుతుంటే, నీకు మంచం దిగడానికే బద్ధకమా? తిండి పెడుతున్నాం, ఫీజులు కడుతున్నాం, ఇంకేం తక్కువైంది?”

“అక్కా, ఉన్నావా, పోయావా?” తమ్ముడి నవ్వు.

ఇంట్లో రోజూ వినబడే మాటలే, పొల్లుపోకుండా ఎక్కించారు. ఎలాగో కాళ్ళు కింద పెడితే తలుపు ఇంకాస్త దూరం జరిగింది.

“వస్తున్నా. లేస్తున్నా, ఒక్క నిమిషం.”

“అవతలికి వినబడదు,” అంది డాక్టరు మెల్లగా.

“పలకదు చూడు, ఎంత పొగరో,” అంది తలుపు అవతల అమ్మ. “రేపే తీసుకెళ్ళి హాస్టల్లో పడేస్తాను. అప్పుడు తెలిసొస్తుంది.”

ఊపిరాడలేదు. నాలుగు గోడలూ దగ్గరికి జరుగుతున్నట్టే ఉంది. భయం వేసింది, ఇక్కడే ఉండిపోతానేమోనని.

“నావల్ల కాదు. తీసెయ్యండి దీన్ని.”

“ఇంకొక్క అడుగు.”

“ఒక్కటి కూడా వెయ్యలేను. గడియ పెట్టి లేదు కదా, తోసుకుని లోపలికి రావచ్చుగా? వచ్చి కాసేపు పక్కన కూర్చోవచ్చుగా? అక్కడే నిలబడి అరవడమెందుకు?” వెక్కిళ్ళలో మాట తెగిపోయింది.

తలుపు మాత్రం మోగుతూనే ఉంది.

పక్క కుర్చీలోంచి కూతురు లేచి, అమ్మ కళ్ళకున్న హెడ్‌సెట్ తీసింది.