టోకెన్ లేనిదే సంచి ఇవ్వబడదు

పదకొండింటికల్లా ముందు గోడ కూల్చెయ్యాలి. జేసీబీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. సిద్దిరాములు మాత్రం సంచుల కౌంటర్ వెనక స్టూలు మీంచి లేవలేదు.

బోధన్‌లో ఆ సూపర్ మార్కెట్ ఇరవై రెండేళ్లు నడిచింది. మూడు నెలల కింద యజమాని ఎజాజ్ సేట్ దుకాణం మూసి స్థలం అమ్మేశాడు. ఇప్పుడక్కడ అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ వస్తుంది. ర్యాకులు పోయాయి, ఫ్రిజ్‌లు పోయాయి, ఆఖరికి తలుపులు కూడా ఎవరో పట్టుకుపోయారు. మిగిలినవి సంచుల కౌంటర్ బల్ల, ముందు గోడకున్న చెక్క గూళ్లు, వాటి మీద "టోకెన్ లేనిదే సంచి ఇవ్వబడదు" అన్న బోర్డు, పదిహేడో గూట్లో ఒక సంచి. బిల్డర్ సిద్దిరాములుకు జీతమిచ్చేది సైటుకు కాపలా కాయమని. అతను కాసేది ఆ సంచికి.

దుకాణం నడిచినన్నాళ్లూ అతనిది ఒకటే పని. సంచి తీసుకోవడం, గూట్లో పెట్టడం, ఇత్తడి టోకెన్ ఇవ్వడం. టోకెన్ తెస్తేనే సంచి. ఈ విషయంలో సిద్దిరాములుది ఉడుంపట్టు. సేట్ కన్నతల్లి కుల్సుమ్ బేగం వచ్చినా టోకెన్ చేతిలో పెట్టేవాడు. ఆవిడ నవ్వుకుంటూ కొంగున కట్టుకునేది.

సైటు ఇంజనీరు అఖిల హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చింది. నిజామాబాద్ పిల్ల. ఇక్కడ చేరి ఇరవై రోజులైంది.

"బాపూ, ఇగ లేవు. గూళ్లు తీసేస్తున్నం. ఆ సంచి నువ్వే ఇంటికి తీస్కపో."

"టోకెను రావాలె గద బిడ్డా."

"దుకాణం బందయి మూడు నెలలాయె! ఇంకెవ్వలు తెస్తరు?"

సిద్దిరాములు చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. బీడీ కోసమేమో అనుకుంది అఖిల. అతను బీడీ మానేసి ఏడాదైందని ఆమెకేం తెలుసు.

చక్కెర బస్తా గుడ్డతో కుట్టిన సంచి అది. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో బోధన్‌లో అలాంటి సంచి లేని ఇల్లు లేదు. అచ్చు అక్షరాలు వెలిసిపోయాయి. పిడి దగ్గర నీలం దారంతో అతుకు.

"తెరిచి చూద్దాం. పేరో, ఫోన్ నంబరో దొరుకుతది" అంటూ చెయ్యి చాపింది అఖిల.

"ముట్టకు!"

అంత గట్టిగా అరుస్తానని అతనూ అనుకోలేదు. వెంటనే గొంతు తగ్గించాడు. "ఒకల సంచిల చెయ్యి వెట్టొద్దు బిడ్డా. ఇరువై రెండేండ్లల నేను ఒక్కసారి సుత వెట్టలే."

అఖిలకు కోపం రాలేదు. ఎజాజ్ సేట్ పోతూ పోతూ, అన్నీ పడగొట్టుకోండి గానీ ఆ సంచి సంగతి మాత్రం సిద్దిరాములునే అడగండి అని బిల్డర్‌కు చెప్పి వెళ్లాడట. అందుకే మెట్టు మీద కూర్చుని అడిగింది.

"ఎవ్వలిది బాపూ? పేరన్న తెలుసా?"

"కౌంటర్ల పేర్లు అడుగరు. నంబరే."

"మనిషెట్లుంటదో అన్న యాదికున్నదా?"

"పొట్టి మనిషి. నోరు పెద్దది. నడిస్తే ఉరికినట్టే ఉంటది." అతని పెదవి మీద నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. "దినాం వచ్చేది. ఆ దినం సంచి ఈడ వెట్టి, అవుతల కూరగాయలోల్ల దిక్కు పోయొస్త అన్నది. టోకెన్ ఇచ్చిన. 'నాకు సుత టోకెనా?' అని లొల్లి వెట్టింది. లైన్ల ఉన్నోల్లు నవ్విండ్రు. నాకు రోషమొచ్చింది. 'ఎవ్వలైనా ఒక్కటే. టోకెన్ పోతే సంచి రాదు, పైలం' అన్న."

జేసీబీ డ్రైవర్ హారన్ కొట్టాడు. అఖిల ఆగమని చెయ్యి ఊపింది.

"మల్ల?"

"రోడ్డు దాటంగ టోకెన్ చేతిల కెల్లి జారిందట. పైలం అన్న గద నేను. ఏరుకుందామని వంగింది. చెరుకు ట్రాక్టరోనికి కనవడలే."

అఖిల చేతిలోని హెల్మెట్ మెట్టు మీద పెట్టింది. ఓ ఇత్తడి బిళ్ల. పోతే పోయింది అనుకుని నడిచిపోవాల్సింది. అతను నలుగురిలో అంత మాట అనకపోతే అలాగే పోయేది కూడా. ఆ సంగతి సిద్దిరాములుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏడాదిగా తనకు తనే చెప్పుకుంటున్నాడు.

"నీ డ్యూటీ నువ్వు చేసినవ్ బాపూ" అంది చివరికి. "కని ఆమె ఇగ రాదు గద. ఎందుకు ఉంచినవ్ ఇన్ని దినాలు?"

"సంచి గూట్ల ఉన్నంత సేపు మనిషి వస్తదనే లెక్క. కౌంటర్ల గట్లనే ఉంటది బిడ్డా."

డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. గూళ్ల మీద పేరుకున్న దుమ్ము రాలింది. సిద్దిరాములు ఆ పదిహేడో గూడు వంక చాలాసేపు చూశాడు. అప్పుడు లేచాడు. కౌంటర్ వెనక నుంచి బయటికి వచ్చి, కొనేవాళ్లు నిలబడే వైపు నిలబడ్డాడు. అతనికి కళ్లనీళ్లు ఆగలేదు.

"నా జాగల నువ్వు నిలవడు బిడ్డా. టోకెన్ సూసి సంచి ఇయ్యి."

"టోకెన్ ఏది బాపూ?"

ఏడాది కింద ఆస్పత్రిలో గోదావరి పిడికిలి విప్పి నర్సు తీసి, పుస్తెలతాడుతో కలిపి, "నీ పెండ్లామేనా? గీడ సంతకం పెట్టు" అంటూ అప్పజెప్పిన పదిహేడో నంబరు టోకెన్‌ను సిద్దిరాములు జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.