మిషను రాని మేస్త్రి

రండి రండి, ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ మూల మాటలు ఆపండి, వక్క నమిలే చప్పుడు కూడా వద్దు. కథ చిన్నది, ఒక్క మాట జారినా సగం పోతుంది.

తట్టాంచావడి అనే పేటలో స్టీలు గిన్నెల మూతలు కొట్టే చిన్న కంపెనీ ఒకటి ఉంది. అందులో కార్తికేయన్ ప్రెస్ మిషన్ల మేస్త్రి.

మూత ఆకారంలో ఉండే ఇనుప అచ్చును మిషన్లో బిగించడం అతని పని. అచ్చు వెంట్రుకవాసి జరిగినా మూత చిరిగిపోతుంది. అతను బిగించి కొట్టిన మూత పెడితే మాత్రం, సాంబారు వాసన గిన్నెలోంచి బయటికి రావడానికి దారి తెలియక అల్లాడేది.

అచ్చు బిగించేటప్పుడు ఎవరికీ కనబడకుండా వీపు అడ్డం పెట్టేవాడు. వీపు చాలదని తువ్వాలు కూడా వేలాడదీసేవాడు. పద్దెనిమిదేళ్లలో ఆ పని చూసింది గోడ మీది బల్లి ఒక్కటే. దానికీ సగమే వచ్చు.

ఒక సోమవారం కృష్ణస్వామి అనే ముసలాయన వచ్చి, ముక్కాలి పీట వేసుకుని అతని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏంది తాతా, యాడికొచ్చినావు?"

"నీ దగ్గరికేనయ్యా. నీ పని ఇక్కడ మూతలు తుడిచే వసంతకుమారికి నేర్పు. మీ మొదలాళి సరేనన్నాడు."

గాజు తలుపు వెనక నుంచి మొదలాళి, అంటే కంపెనీ యజమాని, తల ఊపాడు.

కార్తికేయన్‌కు ఆ మాట నచ్చలేదు. పని నలుగురికీ వస్తే తన చోటు పోయినట్టే.

మూడు రోజులు మూతి ముడుచుకునే నేర్పాడు. వసంతకుమారి ఇట్టే పట్టేసింది.

నాలుగో రోజు ముసలాయన అన్నాడు. "ఇప్పుడు ఈ పాప, రేకులు మోసే మునియప్పన్‌కు నేర్పుతుంది. నువ్వు నోరు మూసుకొని చూడాల. చెయ్యి పెట్టకూడదు."

"తప్పు చేస్తే?"

"చెయ్యనీ. తన తప్పు తనకే దొరక్కపోతే ఇంకోడికి ఏం నేర్పుతుంది?"

"నేనే నేర్పితే సగం పూటలో అయిపోతుంది గదా."

"నువ్వు నేర్పితే ఒక పనోడు తయారవుతాడు. ఆమె చేత నేర్పిస్తే నేర్పేటోళ్లు తయారవుతారు. పని నీకొక్కడికే వస్తే, నీకు జొరం కూడా రాకూడదప్పా."

అందరూ నవ్వారు. ఆ నవ్వు కార్తికేయన్‌కు ఎక్కడో గుచ్చుకుంది.

"ఇంత చెప్తాండావే, నువ్వొకసారి అచ్చు బిగించి చూపించు తాతా."

మిషన్లన్నీ ఆగాయి.

"నాకు రాదయ్యా."

"మరి నీకేమొచ్చు?"

ముసలాయన తన పీటను తట్టాడు. "కూర్చోడం."

ఈసారి కార్తికేయన్ నవ్వాడు. "అయితే మీ ఇంట్లోనే కూర్చో. బస్సు చార్జీ అన్నా మిగులుతుంది."

ముసలాయన లేచాడు. పీటను గోడవారగా జరిపి, మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నెల తిరక్కుండా కార్తికేయన్‌కు టైఫాయిడ్ వచ్చింది. నుదుటి మీద అప్పడం పెడితే కాలేంత జ్వరం. నలభై రోజులు మంచం మీద ఒకటే ఆలోచన. కంపెనీ అయినా మూతపడి ఉంటుంది, తన చోటు అయినా పోయి ఉంటుంది.

కాళ్లీడ్చుకుంటూ వెళ్లి చూస్తే మూడు ప్రెస్సులూ ఆడుతున్నాయి. మునియప్పన్ ఒక కొత్త మనిషికి అచ్చు బిగించడం నేర్పుతున్నాడు. వసంతకుమారి చేతులు కట్టుకుని, నోరు మూసుకుని చూస్తోంది.

"వచ్చినావా అన్నా. మేము నేర్పేది సరిగా ఉందో లేదో నువ్వే చూసి చెప్పాల."

మొదలాళి లోపలికి పిలిచాడు. "రెండో షిఫ్టు పెడతాండాం కార్తికేయన్. దానికి నేర్పేటోళ్లను తయారుచేసే పని నీది."

చోటు పోలేదు. పెద్దదయింది.

ఆ ఆదివారమే డజను అరటిపళ్లు కొనుక్కుని, నెల్లితోపులో ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

వీధి మొదట్లోనే చెప్పుల వరుస మొదలైంది. అది మార్కెట్టు దాకా పోయి, చోటు లేక మలుపు తిరిగింది. ఇంటి ముందు పందిరి.

ఆ రోజు, చనిపోయిన ముసలాయనకు పదహారో రోజు కర్మ.

పందిట్లో వడ్డిస్తున్నది దామోదరం. పద్దెనిమిదేళ్ల కిందట కార్తికేయన్‌కు పని నేర్పిన గురువు.

"మామా, ఈయన నీకేమవుతాడు?"

దామోదరం సాంబారు బకెట్టు కింద పెట్టాడు.

"నేనూ నీ మాదిరే వీపు అడ్డం పెట్టేటోణ్ణిరా. ఆయనకు మిషను రాదు. నా ఎదురుగా కూర్చొని, నా చేత మొదటిసారి నేర్పించింది ఆయనే. ఆ తర్వాత నేను నేర్పింది నీకు."

దామోదరం భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు.

"ఏటేటా అడిగేవాడు, నీ కార్తికేయన్ ఎంతమందిని తయారుచేసినాడని. నేను తల వంచుకునేటోణ్ణి. ఆయనకు గుండె బాగలేదు, బస్సెక్కొద్దని డాక్టరు చెప్పినాడు. వినలేదు. 'ఆ ఒక్కడు మిగిలిపోయినాడు దామోదరం' అని, మీ మొదలాళిని బతిమాలుకొని, జీతం లేకుండా వచ్చి నీ ఎదురుగా కూర్చున్నాడు."

అరటిపళ్లు ఎవరి చేతికివ్వాలో కార్తికేయన్‌కు తెలియలేదు.

"ఇద్దరు మామా," అన్నాడు. "ఇద్దరు నేర్పుతాండారు. అది చెప్దామనే వచ్చినా."

దామోదరం అతని ముందు ఆకు వేసి, నీళ్లు చల్లాడు.

పక్క పంక్తిలో పాయసం జుర్రుకుంటున్న ఎదురింటి అళగేశన్ ఇదంతా విన్నాడు.

"ఏంది సామీ, ఏ మిషనూ రానాయనకు ఇంత జనమా? ముందే తెలిసుంటే నేను సైకిలు తొక్కడం కూడా నేర్చుకోకుండా ఉందును గదా."