నాలుగు పౌన్ల రెండు ఔన్సులు

“రెండు కిలోల వంద గ్రాములు కాదు డాక్టరమ్మా. నాలుగు పౌన్ల రెండు ఔన్సులు. అంతకు మించి లేడు.”

సిరంజిలోకి మందు ఎక్కిస్తున్న డాక్టరమ్మ చెయ్యి ఆగింది. ఆమె ఈ వార్డుకు వచ్చి మూడు రోజులే అయింది. నెలలు నిండకుండా పుట్టిన మగబిడ్డను తూకం మిషను మీంచి తీసిన ముసలి ఆయా, వాణ్ణి రెండు అరచేతుల్లో పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది.

“ఆయమ్మా, వాణ్ణి పడుకోబెట్టి పక్కకి జరుగు. ఊపిరి ఆగి ఆగి వస్తోంది. మందు వెంటనే పడాలి.”

“పడాలి. బరువును బట్టేగా వేస్తారు?”

“మిషను చూపించింది కదా.”

“మిషనుకేదో అయింది. నా చేతులకి తెలుస్తోంది.”

డాక్టరమ్మకు ఒళ్లు మండింది. ఈ కాలంలో పౌన్లేమిటి, చేతులతో తూకమేమిటి? కానీ ఆయా కళ్లలో బెదురు లేదు. మోతాదు కాస్త మించితే ఆ పిడికెడు ప్రాణం తట్టుకోలేదు. నర్సును పరుగెత్తించి, మందుల గదిలోని కిలో తూకపు రాయి తెప్పించి మిషను మీద పెట్టించింది.

అంకెలు వెలిగాయి. కిలో నూట ఇరవై రెండు గ్రాములు.

నర్సు రాయి తీసి మళ్లీ పెట్టింది. అదే అంకె.

కిలోకి నూట ఇరవై రెండు గ్రాముల చొప్పున ఎక్కువ చూపిస్తోందంటే బిడ్డ అసలు బరువెంతో డాక్టరమ్మ ఫోనులో లెక్కేసింది. పద్దెనిమిది వందల డెబ్బై ఒక్క గ్రాముల చిల్లర. తర్వాత ఆయా చెప్పిన పౌన్లనూ ఔన్సులనూ గ్రాముల్లోకి మార్చింది. పద్దెనిమిది వందల డెబ్బై ఒకటి.

మోతాదు తగ్గించి మందు వేసింది. గంట గడిచేసరికి చిన్ని రొమ్ము ఎక్కడా ఆగకుండా ఒకే తీరున లేచి దిగుతోంది.

డాక్టరమ్మ ఆ ముడతలు పడ్డ చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. “మీరు ఎంతమంది పిల్లల్ని ఎత్తుకుంటే ఇది పట్టుబడిందండీ?” ‘నువ్వు’ అనడానికి ఆమెకిక నోరు రాలేదు.

“వేలమందిని ఎత్తుకున్నానమ్మా. చేతుల్లో నిలిచిపోయింది మాత్రం ఒక్కడి బరువే. అప్పట్లో ఇక్కడ పౌన్లలోనే తూచేవాళ్లు.” ఆయా గాజు తలుపు వైపు తలెత్తింది. “అదుగో, ఈ బిడ్డ తండ్రి, ఆ ఆరడుగుల మనిషి. నేను కన్నప్పుడు వాడూ సరిగ్గా ఇంతే ఉన్నాడు.”