ఎనిమిది పేర్లు

"వచ్చే సోమవారం పొద్దున్నకల్లా ఎనిమిది పేర్లు కావాలి" అన్నాడు ఉపేంద్ర.

రమాదేవి తొడిమ తుంచి, కాయను గంపలో వేసింది.

గురజాల రోడ్డు మీద ఉన్న ఆ మిర్చి షెడ్డుకి ఉపేంద్ర మేనేజరు. తొడిమలు తీసి, తెల్లబారిన తాలు కాయలు ఏరేది పదహారు మంది ఆడవాళ్లు. అందులో రమాదేవి ఒకతె, మిగతావాళ్లకి మేస్త్రి. రెండు నెలలుగా ఎగుమతి ఆర్డర్లు లేవు. షెడ్డు మూసేస్తారని ఒకరు, మిషను తెస్తారని ఒకరు చెప్పుకుంటున్నారు. నిన్న యజమాని త్రికోటేశ్వరరావు నరసరావుపేట నుంచి ఫోన్ చేశాడు. సగం మందిని తీసెయ్యమన్నాడు. పేర్లు మేస్త్రి చేతే ఇప్పించమన్నాడు.

"నేను ఇవ్వకపోతే?"

"నేనే రాస్తా. నాకు మీ మొహాలు తెలుసు గానీ మీ ఇళ్ల సంగతులు తెలవవు. ఎవరి మీద పడుద్దో నీ ఇష్టం."

ఆమె చేయి ఆగింది.

"మనసు కష్టపెట్టకుండా చెయ్యమన్నారు రమాదేవమ్మా. ఓనరుగారు విజయవాడలో ఏదో క్లాసుకి వెళ్లొచ్చారు. ఇంటింటికీ పోయి కూర్చోవాలంట. టీ తాగాలంట. కష్టసుఖాలు కనుక్కోవాలంట. ఆ తర్వాత తీసేస్తే గొడవ ఉండదంట."

"టీ ఎవరిది?"

"వాళ్లదే."

పక్కన కూర్చున్న ప్రేమమ్మ నవ్వింది. "మా ఇంటికి నువ్వు కూడా రా సారూ. నీ కష్టం కూడా కనుక్కుంటాం."

ఉపేంద్ర వినిపించుకోలేదు. రమాదేవి లేచి చీర దులుపుకుంది.

"ఇంటింటికీ పోతా. అయితే ఈ వారం మీరు ఎవరినీ పిలిచి అడగొద్దు. బెదిరించొద్దు."

"సరే" అన్నాడు. అతనికి కావలసింది పేర్లు. అవి రాకపోతే తీసేసేవాళ్లలో తన పేరూ చేరుతుంది.

ఆ సాయంత్రమే ఆమె మొదలుపెట్టింది. మొదట ప్రేమమ్మ ఇల్లు. తర్వాత మంగమ్మ ఇల్లు. రోజుకి రెండు, మూడు ఇళ్లు. చంకలో సంచి, సంచిలో నోటు పుస్తకం. మంగళవారం మాచవరం వెళ్తూ ఉపేంద్ర బండి నెమ్మది చేసి చూశాడు. మాధురి ఇంటి ముందు మంచం మీద ఇద్దరూ కూర్చుని ఉన్నారు. మాధురి ఏదో చెబుతోంది. రమాదేవి తల అడ్డంగా ఊపుతోంది. మాధురి ఆమె చేతిలో పుస్తకం లాక్కుంది.

బతిమాలుకుంటోంది కాబోలు అనుకున్నాడు.

షెడ్డులో మార్పు కనిపించింది. అంతకుముందు ఎవరి క్యారేజీ వాళ్లు ఓ మూల తెరుచుకునేవాళ్లు. ఇప్పుడు పదహారు మందీ ఒక్కచోట కూర్చుని తింటున్నారు. ఒకరి కూర ఒకరి గిన్నెలో పడుతోంది. ఉపేంద్రకి కారణం తెలుసు. ఎవరు ఎవరి మీద ఏం చెప్పారో కనిపెట్టాలంటే పక్కనే కూర్చోవాలి కదా.

గురువారం పుస్తకం చూపించమన్నాడు. ఆమె దాచలేదు.

మంగమ్మ: రెండు గేదెలు పాలిస్తున్నాయి. మాధురి: మొగుడికి సొంత ఆటో ఉంది. హైమావతి: కొడుకు సత్తెనపల్లి బట్టల కొట్లో పనికి కుదిరాడు. ప్రేమమ్మ: ఒక్క పొట్ట, ఎట్లాగైనా గడుస్తుంది.

"ఏంది, ఇయ్యన్నీ ఎవరు చెప్పారు?"

"వాళ్లే."

ఉపేంద్ర నవ్వాపుకున్నాడు. కూలికి వచ్చే మనిషి తన ఇంట్లో రెండు గేదెలు పాలిస్తున్నాయని తన నోటితో చెప్పి మేనేజరు దాకా చేరనిస్తుందా? బయటికెళ్లి యజమానికి ఫోన్ చేశాడు.

"పని అయిద్ది సార్. ఒకరి గుట్టు ఒకరు బయటపెట్టుకుంటున్నారు."

"చూశావా" అన్నాడు త్రికోటేశ్వరరావు. "క్లాసంటే నవ్వావు."

శనివారం అతను ఉండబట్టలేక మంగమ్మ దగ్గర ఆగాడు. ఎవరినీ అడగనన్న మాట గుర్తుంది. ఇది అడగడం కాదులే అనుకున్నాడు.

"గేదెలు ఎట్లా ఉన్నాయి?"

తన గుట్టు చెప్పిన అమ్మలక్కల మీద విరుచుకుపడుతుందనుకున్నాడు. ఆమె కాయ మీంచి చూపు తిప్పలేదు.

"చానా బాగున్నాయి. పాలు పోయించుకుంటావా?"

షెడ్డంతా నవ్వింది.

సోమవారం తొమ్మిదికి అందరూ వచ్చారు. ఎవరూ కాయల దగ్గర కూర్చోలేదు. మేనేజరు గది ముందు వరసగా నిలబడ్డారు. రమాదేవి లోపలికి వచ్చి మడత పెట్టిన కాగితం బల్ల మీద పెట్టింది.

"ఎనిమిదేనా?"

"పోయేవాళ్ల పేర్లు అడిగారు. అందులో ఉన్నాయి."

"మరి వాళ్లంతా ఎందుకు నిలబడ్డారు?"

"వినడానికి. బయటికొచ్చి చదవండి."

"నువ్వే చదువు."

"టీ తాగే పని నాకిచ్చారు, తాగాను. చదివే పని మీది. మొహాలు తెలుసన్నారుగా, ఒక్కో మొహం చూసి ఒక్కో పేరు చదవండి."

"నీకు పొగరెక్కింది రమాదేవమ్మా. నీ పేరు కూడా రాయగలను."

"ఆ శ్రమ మీకొద్దు."

ఉపేంద్ర కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వరసలో ఒక్కరూ తల దించుకోలేదు. సాయిసుధ చంకలో పిల్లను ఎత్తుకుని ఉంది. హైమావతి చేతులు కట్టుకుంది.

"గట్టిగా చదువు సారూ" అంది ప్రేమమ్మ. "మంగమ్మ పిన్నికి ఒక చెవి వినపడదు."

అతను మడత విప్పాడు.

అందులో పదహారు పేర్లున్నాయి, ఏ రెండింటి దస్తూరీ ఒకటి కాదు. రమాదేవితో సహా ఎవరి పేరు వాళ్లే రాసుకున్నారు.