అద్దం మీది బిళ్ళ

ఇప్పుడు పప్పూ ఉప్పూలాగే ఇంటింటా యాంటీబాడీ బిళ్ళలుంటున్నాయి. రాత్రీ పగలూ చేతికి అంటించి ఉంచుకుంటే, లోపల కొత్త కండ ప్రోటీను పుట్టగానే ఎర్రబడతాయి. జబ్బుపడి లేచిన మాణిక్యాంబ బిళ్ళ మాత్రం నెలంతా తెల్లగానే ఉంది. ఎర్రబడేదాకా రోకలి పట్టొద్దని డాక్టరు మాట. ఆవకాయకు ఆవపిండి తన చేత్తోనే కొట్టాలని ఆవిడ ఆరాటం.

ఆ ఉదయం జడ వేసుకోబోయిన కోడలు కమలినికి అద్దం మీద, బొట్టుబిళ్ళల పక్కన, ఆ బిళ్ళ కనిపించింది.

"అత్తయ్యా, ఇదిక్కడుందేం?"

"స్నానానికి వెళ్తూ తీశాను. సాయంత్రం మళ్ళీ పెట్టుకుంటాగా!"

"రోజూ ఇంతేనా?"

"బొట్టుబిళ్ళయినా అంతేగదా!"

కమలిని నవ్వాపుకుంటూ అత్తగారి చేతికి కొత్తది అంటించి, తీయకుండా కాపలా కాసింది. ఆదివారానికి అది దానిమ్మ గింజలా మెరిసింది.

"చూశావా! నా చేతిని అనవసరంగా ఆడిపోసుకున్నావు," అంటూ మాణిక్యాంబ కొంగు దోపి రోకలి అందుకుంది. ఆవఘాటుకు కోడలు తుమ్ముతూనే ఉంది, అత్తగారు మాత్రం ఆపలేదు.